పాలేటికి ఈవల, ఆవల: నైజాము కల్లోలకాలపు పాలకులు

1948వ సంవత్సరమునకు పూర్వము అచ్చయిన నందిగామ తాలూకా పటమును తెరచి చూచువారి కొక వింత కనబడును. జగ్గయ్యపేటకు పడమట కొలదిమైళ్ల దూరమున, పాలేటియొద్ద, కృష్ణామండలము ముగిసి నైజాము రాజ్యము ప్రారంభమగును. కాని ఆ పరరాజ్యపు నడుమ, కోదాడకు ఆవల, మరల కృష్ణామండలపు రంగే పూసిన యొక తునుక ద్వీపమువలె నిలిచియుండును. అదియే మునగాల పరగణా. నాలుగువైపుల నైజాము నేల. నడుమ చెన్నరాష్ట్రపు చట్టము. మునగాల రైతు తన తాలూకా కచేరికి రావలెనన్న పరరాజ్యమును దాటి రావలసియుండెను.

ఈ సరిహద్దు కొండలు గీచినది గాదు, భాష గీచినది గాదు. 1766లో నైజాము అలీఖాను ఉత్తరసర్కారులను ఇంగ్లీషు కంపెనీవారికి ఒప్పగించుటచేత ఏర్పడినది. అంతకు ముందు కొండపల్లి సర్కారును, దానికి పడమటనున్న సీమయు ఒక్క ప్రభువు క్రిందనే యుండెను. తరువాతను జనుల రాకపోకలు ఆగలేదు. వేదాద్రి నరసింహస్వామి సేవకును, పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్లకును పాలేటి కావలివారు బండ్లు కట్టుకొని వచ్చుచునే యుండిరి. పిల్లల నిచ్చుకొనుట, పుచ్చుకొనుట సాగుచునే యుండెను. కాని ఈవల కల్దారు రూపాయ, ఆవల హాలీ రూపాయ. నూరు కల్దారులకు సుమారు 116 హాలీ రూపాయలు. ఈవల న్యాయస్థానములు, పత్రికలు, పరిమితమైన ఓటుహక్కు. ఆవల సభ పెట్టుకొనవలెనన్న అనుమతి కావలెను.

ఈ గీటు ఇరువైపుల 1946 మొదలు 1952 వరకు జరిగినదానిని అంతఃకలహమనక మఱియొక పేరుతో పిలువజాలము. ఆ కాలమున గవర్నరులు, ప్రధానులు, పక్షనాయకులు, సేనానులు ఎందరో పాలనసూత్రములను చేతబట్టిరి. వారిలో ఎవరిని మెచ్చవలెను, ఎవరిని దూరవలెను అను ప్రశ్నకు మనవారు సామాన్యముగ తమ పక్షమునుబట్టి సమాధానము చెప్పుదురు. ఒకరికి రజాకార్ల దురాగతములే కనబడును. మఱియొకరికి తదనంతరపు దురాగతములే కనబడును. ఇంకొకరికి రైతుల చావులు మాత్రమే లెక్కకు వచ్చును. చచ్చినవారిని పక్షములవారీగా పంచుకొను చరిత్ర చరిత్ర కాదు. కావున ఆ కాలపు పాలకులను ఒక్క కొలతతోనే కొలిచి చూడవలెనని నా యుద్దేశము.

ముందుగా ఆవలిప్రక్క స్థితిని చూతము. హైదరాబాదు సంస్థానము 82,698 చదరపుమైళ్ల వైశాల్యము గలది. 1941 జనాభాలెక్క ప్రకారము ఒక కోటి అరువదిమూడు లక్షల జనము. ఆ భూమిలో నూటికి సుమారు 60 పాళ్లు మాత్రమే దివానీ యనబడు ప్రభుత్వభూమి. తక్కినది జాగీరులును, నైజాము స్వంతఖర్చుల క్రింద చెల్లు సర్ఫెఖాసును. దివానీ గ్రామములందును దేశముఖులు, పటేలు పట్వారీలు రైతునకును ప్రభుత్వమునకును నడుమ గోడవలె నిలిచియుండిరి. వెట్టిచాకిరి కొన్ని కులములకు పుట్టుకతో వచ్చిన పన్నువంటిది. వెట్టిని మాన్పుటకు ప్రభుత్వము ఉత్తరువు లిచ్చినను, వానిని అమలుజరుపవలసినవాడు వెట్టి చేయించుకొనువాడే యగుటచే ఆ యుత్తరువులు కాగితము దాటి రాలేదు.

1930లో జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతను కూడిన నిజామాంధ్ర మహాసభ మొదట గ్రంథాలయములు, బాలికల విద్య, మాతృభాషలో బోధన వంటి సంస్కరణములనే కోరెను. అంతటి సౌమ్యమైన కోరికలకును ప్రభుత్వము అడ్డుచెప్పుచు వచ్చుటచే, మహాసభలోని యువకులు తీవ్రమార్గమునకు దిగిరి. 1944లో భువనగిరి సభనాటికి అది రెండుగా చీలి, రావి నారాయణరెడ్డిగారి నాయకత్వమున సాగిన శాఖ కమ్యూనిస్టుల వశమయ్యెను. చిన్న సంస్కరణమును నిరాకరించిన ప్రభువు పెద్ద విప్లవమును చేతులార పిలుచుకొనును. 1946 జూలై 4వ తేదీన కడవెండి గ్రామమున విసునూరు దేశముఖుని మనుష్యులు కాల్చిన తుపాకిగుండుకు దొడ్డి కొమరయ్య కూలెను. నాటినుండి నల్లగొండ, వరంగల్లు జిల్లాలలో రైతుపోరు ఆయుధము పట్టెను.

ఈవలిప్రక్క కేవలము స్వర్గమే యుండెనని చెప్పుట అసత్యము. మునగాలనే యుదాహరణముగ తీసికొనుడు. రాజా నాయని వేంకటరంగారావుగారు విద్యాపోషకులు. వారి దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఈ తాలూకాలోని పెనుగంచిప్రోలున 1877లో జన్మించిన చరిత్రపరిశోధకులు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును, 1906లో విజ్ఞానచంద్రికామండలిని నెలకొల్పుటలో వీ రిరువురికిని ముఖ్యభాగము కలదు. ఐనను ఆ జమీందారుమీదనే 1930వ దశకమున ఆయన రైతులు వెట్టికిని, అక్రమవసూళ్లకును వ్యతిరేకముగ ఉద్యమము నడపిరి. గ్రంథాలయమును స్థాపించిన చేతికిని, వెట్టిని సాగనిచ్చిన చేతికిని యజమాని యొక్కడే. భేదమేమన, ఈవల రైతు వకీలును పెట్టుకొనగలడు, పత్రికకు వ్రాయగలడు, శాసనసభ్యుని అడుగగలడు. ఆవల నా దారులన్నియు మూసియుండెను.

1947లో ఇంగ్లీషువారు పోవుదురని తేలినపిమ్మట నైజాము మీరు ఉస్మాన్ అలీఖాను జూను నెలలో ఫర్మానా వెలువరించి, తాను ఇండియాలోగాని పాకిస్థానములోగాని చేరక స్వతంత్రుడుగ నుందునని ప్రకటించెను. 1911 మొదలు పాలించుచున్న ఆ ప్రభువు విశ్వవిద్యాలయమును కట్టించెను, ఆనకట్టలు కట్టించెను, ఆసుపత్రులు కట్టించెను, ఇవి కాదనరానివి. కాని రాజ్యభవిష్యత్తును గూర్చి ప్రజల నడుగవలెనను తలంపు ఆయనకు కలుగలేదు. కలిగినను ఆయన చేతిలో నప్పటికి పూర్ణాధికారము లేదు. 1927లో మతసంస్కృతుల సంఘముగ పుట్టిన ఇత్తెహాదుల్ ముసల్మీను, లాతూరు వకీలైన కాసిం రజ్వీ అధ్యక్షతను, రజాకారులను స్వచ్ఛందసేనను పెంచుకొని దివాణమునే శాసించు దశకు వచ్చెను. 1947 అక్టోబరు 27వ తేదీన, ఢిల్లీకి బయలుదేరనున్న నైజాము ప్రతినిధుల ఇండ్లను ఇత్తెహాదు గుంపు చుట్టుముట్టి ప్రయాణము నాపెను. ప్రధానియైన ఛతారీ నవాబు రాజీనామా యిచ్చెను. రాజును కాపాడవలసిన సైన్యము ప్రధాని యిల్లు కాపాడలేకపోయెను, లేక కాపాడబోలేదు. ఆనాడే హైదరాబాదున అధికారము దివాణమును వీడి వీథికి చేరెనని చెప్పవచ్చును.

నవంబరు 29వ తేదీన యథాతథపు ఒడంబడిక జరిగెను. దానిప్రకారము ఒక్క సంవత్సరము పాతస్థితి సాగవలెను. వ్యాపారస్థుడైన మీరు లాయక్ అలీ ప్రధాని యయ్యెను. ఇండియా ప్రతినిధిగా కె. ఎం. మున్షీగారు 1948 జనవరిలో హైదరాబాదు చేరిరి. ఒడంబడిక సిరా ఆరకముందే ఉభయులును దానిని కొరుకనారంభించిరి. నైజాము ప్రభుత్వము ఇండియా నాణెము తమ రాజ్యమున చెల్లదని శాసించి, పాకిస్థానమునకు ఇరువదికోట్ల రూపాయల ఋణమిచ్చెను. ఇండియా వైపునుండి సరకుల రాక నిలిచిపోయినదనియు, ఉప్పునకును మందులకును కటకట యేర్పడినదనియు హైదరాబాదు మొఱపెట్టెను. ఈ రాజతంత్రమంతయు సరిహద్దు ప్రజల సంచిలోనే పడెను. రెండు నాణెములమీద, రెండు సంతలమీద బ్రదుకువారికి ఒక నాణెము చెల్లదన్న సగము బ్రదుకు చెల్లనట్లే.

స్టేటు కాంగ్రెసు 1938లో పుట్టుటతోడనే నిషేధింపబడి, 1946లో గాని విముక్తి పొందలేదు. 1947 ఆగస్టున స్వామి రామానందతీర్థగారు కారాగృహమునకు పోయిరి. అనుచరు లనేకులు సరిహద్దు దాటి ఇండియా భూమిపై శిబిరములు వేసికొని, అచటినుండి నైజాము సుంకపుఠాణాలపై దాడులు సాగించిరి. రజాకారులు గ్రామములను దోచి, తగులబెట్టి, సరిహద్దు నతిక్రమించి చెన్నరాష్ట్రపు పల్లెలపై పడిన ఘటనలను ఇండియా ప్రభుత్వము 1948లో ప్రకటించిన శ్వేతపత్రమున పేర్కొన్నది. బెజవాడయందును సరిహద్దు తాలూకాలయందును కాందిశీకులు నిండిరి. 1948 ఆగస్టున వరంగల్లు ప్రాంతపు బైరానుపల్లిలో గ్రామస్థు లనేకులు వధింపబడిరి. అదే నెలలో హైదరాబాదు నగరమున ‘ఇమ్రోజ్’ పత్రికాసంపాదకుడు షోయబుల్లాఖాను హత్య చేయబడెను. ఆయన ముస్లిము, ఇండియాతో కలియుటయే మేలని వ్రాసినందుకు చంపబడిన ముస్లిము. రజాకారుల కాలమును హిందూముస్లిముల పోరుగా మాత్రమే చూచువారు ఈ యొక్క హత్యను మరువరాదు. ఆ ఉద్యమము తొలుత నోరు మూయింపదలచినది తనవారినే.

ఇప్పుడు ఈవలి పాలకులను చూతము. చెన్నరాష్ట్రపు గవర్నరు సర్ ఆర్చిబాల్డ్ నై. ఇంగ్లీషు సేనలో పెద్ద పదవులు వహించిన సేనాని. 1946 మే నెలలో వచ్చి, స్వాతంత్ర్యానంతరము కూడ నిలిచి, 1948 సెప్టెంబరు 7వ తేదీవరకు పదవిలో నుండెను. ఆయన తరువాత భావనగరపు మహారాజు కృష్ణకుమారసింహజీ గవర్నరయ్యెను. అనగా సేనలు సరిహద్దు దాటుటకు ఆరుదినములకు ముందు చెన్నపురిలో గవర్నరు మారెను. ఆ మార్పుచేత సరిహద్దు పాలనము చెదరలేదు. ఏలన, అచట అధికారము గవర్నరు దేహములో గాక మంత్రివర్గములో నుండెను. 1946–47లో టంగుటూరి ప్రకాశముపంతులుగారు, పిమ్మట ఓమందూరు రామస్వామిరెడ్డియారుగారు, 1949 ఏప్రిలు మొదలు కుమారస్వామిరాజాగారు ప్రధానులు. వీరిని శాసనసభ తొలగింపగలదు, తొలగించెను కూడ. ప్రకాశముపంతులుగారి మంత్రివర్గము పడిపోయినది స్వపక్షపు అవిశ్వాసముచేతనే.

ఐతే ఓటుపై వచ్చిన ప్రభుత్వమైనంత మాత్రమున చేయి శుద్ధముగ నుండునని చెప్పుటకు వీలులేదు. 1947 జనవరిలో ప్రకాశముగారి ప్రభుత్వమే ఆర్డినెన్సుక్రింద కమ్యూనిస్టులను విచారణలేక నిర్బంధించెను. తరువాతి ప్రభుత్వములు ఆ మార్గముననే ఇంకను ముందునకు పోయినవి. కృష్ణామండలము తెలంగాణపు పోరునకు వెనుకటి కోటవంటి దగుటచే, ఇచట పోలీసుల తాకిడి మిక్కుటమయ్యెను. 1949లో కాటూరు, యలమఱ్ఱు గ్రామములలో పోలీసులు జనులను గుమికూర్చి కొట్టి అవమానించిన వృత్తాంతము తెలుగునాట నెల్లెడల నిరసనకు పాత్రమైనది. చెన్నరాష్ట్రపు నిర్బంధితుడైన ఏ. కే. గోపాలనుగారు క్రొత్త రాజ్యాంగముక్రింద సుప్రీముకోర్టుకెక్కి 1950 మే నెలలో ఓడిపోయిరి. ఓడినను, నిర్బంధితుడు ప్రభుత్వమును బోనులో నిలిపి ప్రశ్నింపగలిగెనన్నది చిన్నవిషయము కాదు. పాలేటి కావల ఆ బోను లేకుండెను.

1948 సెప్టెంబరు 13వ తేదీన ఇండియా సేనలు కదలినవి. షోలాపూరునుండి మేజరు జనరలు జె. ఎన్. చౌధురి, బెజవాడవైపునుండి మేజరు జనరలు ఏ. ఏ. రుద్ర నడపిరి. తూర్పుదళము పట్టినది నందిగామమీదుగ హైదరాబాదునకు పోవు బాటనే. తీర్థమునకును, సంతకును, చుట్టపుచూపునకును జనులు నడచిన బాటమీద ఆనాడు సాయుధశకటములు నడచినవి. మొదటిదినముననే కోదాడను, మునగాలను చేరినవి. కృష్ణామండలపు ద్వీపము నాడు ప్రధానభూమితో కలిసినది. మరునాడు సూర్యాపేట, అచట వెనుదీయు నైజాము సేన మూసీవంతెనను పగులగొట్టినను, దానిని కాచుటకు నిలువనందున సేనలు త్వరలోనే బాగుచేసికొని సాగినవి. 17వ తేదీన నైజాము రేడియోలో యుద్ధవిరామమును ప్రకటించెను. 18వ తేదీన నైజాము సేనాని ఎల్ ఎద్రూసు చౌధురిగారికి లొంగిపోయెను. ఐదు దినములలో రెండు శతాబ్దముల దొరతనము కూలెను.

చౌధురిగారు సైనికగవర్నరైరి. నైజాము తన యధికారమును ఫర్మానాద్వారముననే ఆయనకు బదలాయించెను. బాఖలేగారు సివిలు పాలనమునకు ముఖ్యాధికారిగ వచ్చిరి. రజ్వీ పట్టువడి శిక్షననుభవించి, 1957లో విడుదలయి పాకిస్థానమునకు పోయెను. లాయక్ అలీ గృహనిర్బంధమునుండి 1950లో తప్పించుకొని అచటికే చేరెను. వీరు పాకిస్థానమునకు చేరగలిగిరి. వీరి మాటలను నమ్మిన పల్లెటూరి బీదలు ఎచటికిని చేరజాలకపోయిరి.

ఇచటనే మన చరిత్రకారులు మౌనము వహించు ఘట్టము వచ్చును. సేనలు ప్రవేశించిన పిమ్మట సంస్థానమున, ముఖ్యముగ పడమటి జిల్లాలగు ఉస్మానాబాదు, గుల్బర్గా, బీదరు, నాందేడులందు ముస్లిములపై ఘోరమైన ప్రతీకారము జరిగెను. కేంద్రప్రభుత్వము పంపగా పండిత సుందరలాలు, ఖాజీ అబ్దుల్ గఫారు మున్నగువారు 1948 నవంబరు, డిసెంబరు నెలలలో జిల్లాలు తిరిగి విచారించి, తక్కువలో తక్కువగ 27,000 మొదలు 40,000 మంది వరకు ప్రాణములు గోల్పోయిరని నివేదించిరి. ప్రాణములకు తెగించి ముస్లిము పొరుగువారిని కాపాడిన హిందువులనుగూర్చియు వారు వ్రాసిరి. ఆ నివేదికను ప్రభుత్వము ప్రకటింపలేదు. అది 2013లోగాని ప్రజల కందుబాటునకు రాలేదు. అరువదియైదేండ్లు గడచినవి. రజాకారుల నేరములను శ్వేతపత్రముగ అచ్చువేసిన ప్రభుత్వమే, తన కాలమున జరిగిన నేరముల పత్రమును బీరువాలో బెట్టి తాళము వేసెను.

ఏల? ఆ సత్యము బయటపడిన మరల కలహము రేగునని భయపడిరని కొందరందురు. ఆనాటికి ఆ భయము కొంత నిజము కావచ్చును. కాని రెండు తరముల కాలము సాగిన భయమును వివేకమనజాలము. దాచిన సత్యము చావదు. అది పుకారై, కథయై, పగయై తిరుగును. బైరానుపల్లి చచ్చినవారికి స్తూపము కట్టుట ధర్మమే. ఉస్మానాబాదున చచ్చినవారికి అంకె మాత్రమైన ఇయ్యకుండుట ధర్మము కాదు.

సైనికపాలనముచే మేలు జరుగలేదా? జరిగినది. 1949 ఆగస్టున జాగీర్ల రద్దుశాసనము వెలువడెను. సర్ఫెఖాసు దివానీలో కలిసెను. శాసనసభ యుండియుంటే ఏండ్లు పట్టు పనిని ఒక్క సంతకము చేసెను. కాని అదే పాలనము మఱియొక పని కూడ చేసెను. రైతుసంఘములు దేశముఖులనుండి గుంజి పంచిన భూములకు, పారిపోయిన దేశముఖులు సేనల వెంబడి తిరిగివచ్చిరి. రజాకారులను అణచుటకు వచ్చిన సేన మూడేండ్లు రైతులను వేటాడుటకై నిలిచెను. కమ్యూనిస్టులును తమవంతు తప్పు చేయకపోలేదు. నైజాము పోయినపిమ్మట ఆయుధమును దింపవలెనని రావి నారాయణరెడ్డిగారివంటి పెద్దలు చెప్పినను, నాయకత్వములో అధికులు వినక పోరును సాగించిరి. ఆ పోరులో నాలుగువేలమంది మరణించిరని ఆ పక్షమువారి లెక్క. చివరకు 1951 అక్టోబరున విరమించిరి. మూడేండ్లకు ముందే విరమించియుండిన ఎన్ని ప్రాణములు నిలిచియుండునో చదువరులే యోచింతురు గాక.

ఈ సందర్భమున అమెరికా చరిత్ర జ్ఞప్తికి వచ్చుచున్నది. 1861–65 నడుమ అచట బానిసత్వమునుగూర్చి అంతర్యుద్ధము జరిగెను. అధ్యక్షుడగు అబ్రహాము లింకను, సేనలు జయించిన దక్షిణరాష్ట్రములకు సైనికగవర్నరులను నియమించెను. టెన్నెసీకి 1862లో ఆండ్రూ జాన్సను అట్లు నియమింపబడినవాడే. లింకను హత్యానంతరము 1865లో ఆ జాన్సనే అధ్యక్షుడై, విముక్తులైన నీగ్రోలకు సేనానులు పంచియిచ్చిన భూములను తిరిగి పాతదొరలకు ఇప్పించెను. సంకెల తెగెను గాని కాలిక్రింద నేల దక్కలేదు. ఆ యప్పు నేటికిని ఆ దేశము తీర్చుకొనలేకున్నది. యుద్ధమున గెలుచుట సేనాని పని. గెలిచినపిమ్మట భూమి యెవరిదని నిర్ణయించుటయే పాలకుని పరీక్ష. అచటి జాన్సనుకును, ఇచటి మన పాలకులకును ఆ పరీక్షలో వచ్చిన మార్కులు మిక్కిలి భిన్నములు కావు. 1950లో వచ్చిన కౌలుదారీచట్టము రక్షితకౌలుదారులకు హక్కు లిచ్చెను. కాని దానికి ముందే ఎందరో కౌలుదారులు నేలనుండి తొలగింపబడిరి. 1951 ఏప్రిలున పోచంపల్లిలో వినోబాజీ భూమి యడుగగా వెదిరె రామచంద్రారెడ్డిగారు నూరెకరములు దానమిచ్చిరి. అది ఉదారమైన పని. కాని దానముచేత తీరవలసివచ్చిన ప్రశ్న శాసనముచేత తీరలేదనుటకు అదియే సాక్ష్యము.

1950 జనవరి 26వ తేదీన వెల్లోడిగారు ముఖ్యమంత్రిగ వచ్చిరి; ఆయన ఐ. సి. ఎస్. ఉద్యోగి. నైజాము రాజప్రముఖుడయ్యెను. నిన్నటివరకు ఎవనిపై సేన నడచినదో ఆయనయే నేడు రాష్ట్రమునకు రాజ్యాంగాధిపతి. దీనిని కపటమని కొందరు, నేర్పని కొందరు చెప్పిరి. నా తలంపున ఇది చాల తక్కువ ఖర్చుతో కొన్న శాంతి. కోరలు తీసినపిమ్మట పామును చంపుటకంటె బుట్టలో నుంచుటయే మేలని పటేలుగారు తలంచిరి కాబోలు. 1952లో వయోజన ఓటుహక్కుతో ఎన్నికలు జరిగి, మార్చి నెలలో బూర్గుల రామకృష్ణారావుగారు ముఖ్యమంత్రి యైరి. నిన్నటివరకు వేటాడబడిన పక్షమువాడైన రావి నారాయణరెడ్డిగారు నల్లగొండనుండి లోకసభకు పోటీచేసి నెహ్రూగారికంటె ఎక్కువ ఓట్లు సంపాదించిరి. తుపాకి ఆరేండ్లు అడిగిన ప్రశ్నకు ఓటు ఒక్కదినమున సమాధానము చెప్పెను.

నడుమ మఱియొక నేరమును చెప్పక దాటరాదు, అది మనదే. సైనిక, సివిలు పాలనకాలమున చెన్నరాష్ట్రమునుండి, విశేషించి కృష్ణాది మండలములనుండి, ఉద్యోగులు హైదరాబాదునకు పంపబడిరి. వారిలో సమర్థులుండిరి. కాని ఉద్ధరింపవచ్చిన వారమను అహంకారముతో స్థానికులను తక్కువచూపు చూచినవారును ఉండిరి. దాని ఫలితమే 1952 సెప్టెంబరులో చెలరేగిన ముల్కీ ఉద్యమము. హైదరాబాదు సిటీకాలేజివద్ద కాల్పులు, విద్యార్థుల మరణములు. ఒక దుష్టపాలనమునుండి విడిపించినవాడు విడిపింపబడినవానికి యజమాని కాడు. ఈ చిన్నసూత్రమును మరచినందుకు మన రెండు తెలుగుసీమలును అరువదేండ్లు మూల్యము చెల్లించినవి.

ఇప్పు డా కొలత యేదో చెప్పవచ్చును. ఆర్చిబాల్డ్ నై సేనాని, చౌధురి సేనాని. ఇరువురును క్రమశిక్షణ గలవారే. మొదటివాడు మంత్రులు చెప్పినట్లు నడువవలసినవాడు. రెండవవాడు ప్రజలలో నెవరికిని జవాబు చెప్పవలసినవాడు కాడు. నైజాము విద్యాపోషకుడు, మునగాల రాజాగారు విద్యాపోషకులు. ఆ గుణము వెట్టివానికి ఉపయోగపడలేదు. ప్రకాశముగారు త్యాగమూర్తి, ఆ గుణము నిర్బంధితునికి ఉపయోగపడలేదు. కావున పాలకుని గుణముకంటె పాలకుని కట్టివేయు కట్టుబాటు ముఖ్యము. వానిని అడుగువాడున్నాడా? అడిగినవాడు బ్రదికియుండునా? తప్పు జరిగిన దాని వృత్తాంతము వెలికి వచ్చునా? ఈ మూడు ప్రశ్నలకు వచ్చు సమాధానమే ఆ కాలపు పాలకులందరికి కొలమానము. మూడవప్రశ్నయందు ఆనాటి పక్షములలో నొక్కటియు పూర్తిగ నెగ్గలేదు.

పాలేటిగీటు పోయినపిమ్మట ఏమి జరిగినదో చెప్పి ముగింతును. సరిహద్దునకు ఇరుప్రక్కల మెట్టభూములు ఒక్కటే యెండకు ఎండుచుండెను. కృష్ణ వేదాద్రి పాదములను కడిగికొనుచు కదలిపోవుచుండెను. రెండు రాజ్యములున్నంతకాలము ఎగువనుండి కాలువ తీయు మాట తెమలలేదు. పిమ్మట జగ్గయ్యపేట చెంతనున్న ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు నందికొండయొద్ద ఆనకట్టకై పట్టుదలతో పనిచేసి, 1952లో ఖోస్లా సంఘమువారికి ఆ చోటును చూపించుటలో ప్రముఖపాత్ర వహించిరి. 1955 డిసెంబరు 10వ తేదీన నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1967లో నీరు విడువబడెను. ఎడమకాలువ నల్లగొండ, ఖమ్మము భూములను తడిపి జగ్గయ్యపేట, నందిగామ పొలములకు దిగివచ్చెను. నాడు సాయుధశకటములు తూర్పునుండి పడమటికి పోయినవి. నేడు నీరు పడమటినుండి తూర్పునకు వచ్చుచున్నది.

1959లో మునగాల పరగణాను కృష్ణామండలమునుండి తీసి నల్లగొండలో కలిపిరి. పటములోని ద్వీపము మాసిపోయెను. 2014 జూను 2వ తేదీన తెలంగాణము వేరు రాష్ట్రమగుటతో పాలేటిగీటు మరల రాష్ట్రపు సరిహద్దైనది. ఐనను ఇది పాతగీటు గాదు. ఈవల ఆవల ఒక్కటే నాణెము, ఒక్కటే రాజ్యాంగము, ఒక్కటే ఓటు. కోదాడ రైతు వేదాద్రికి వచ్చి నరసింహుని సేవించి పోవుటకు ఎవ్వరి యనుమతియు అక్కరలేదు. మిగిలిన బాకీ యొక్కటే. బైరానుపల్లి మృతులను, ఉస్మానాబాదు మృతులను, నల్లగొండ అడవులలో కూలిన రైతులను ఒకే పుస్తకములో, ఒకే వరుసలో వ్రాసికొనవలెను. అట్టి పుస్తకము మన పాఠశాలలలో చదువబడునాడు ఆ అంతఃకలహము నిజముగ ముగిసినదనవచ్చును.